ఆటో థ్రాటిల్‌కు అదనపు బాధ్యతలు

నేను మనిషిని కానని ప్రభుత్వం రాసిచ్చిన కాగితం నా ట్రంకుపెట్టెలో ఉంది. గుండ్రటి సీలు, ఆకుపచ్చ సిరా సంతకం, అడుగున నకళ్లు ఎవరెవరికి పంపారో ఆ జాబితా, దేనికీ లోటు లేదు. "శ్రీమతి బోణంగి సన్యాసమ్మ, స్వీపరు, ఇకపై విమాన విధుల సమయమందు స్వయంచాలిత భాగముగా పరిగణింపబడును" అని అందులో ఉంది. మూడో తరగతిలో బడి మానేసినదాన్ని కనుక కూడబలుక్కుని చదువుకున్నాను. చదివాక అద్దంలో ఒకసారి చూసుకున్నాను. ముక్కుపుడక ఉన్నచోటే ఉంది.

మా ఊరి చివర, జూట్ మిల్లు దాటాక, పట్టుపరిశ్రమ ఆఫీసు ఉండేది. ముప్పై ఒక్క ఏళ్లు అక్కడ నేల ఊడ్చాను, పురుగులకు మల్బరీ ఆకు తరిగి పెట్టాను. కొన్నాళ్లకు పురుగులు పోయాయి. తర్వాత వాటిని చూసుకునే ఆఫీసర్లూ పోయారు. ఒక మంగళవారం, అమావాస్య మర్నాడు, పాత బోర్డు దించి 'వైమానిక నైపుణ్య శిక్షణ కేంద్రం' అనే బోర్డు ఎక్కించారు. బిల్డింగుతో పాటు రెండు బీరువాలు, పద్నాలుగు చంద్రికలు, నేను కొత్త శాఖకు బదిలీ అయ్యాం. కాగితంలో ఆ వరుసలోనే రాశారు. చంద్రిక అంటే పట్టుపురుగు గూడు కట్టుకోవడానికి వేసే వెదురు తడక. మనిషంత ఎత్తు ఉంటుంది. దాని సంగతి తర్వాత వస్తుంది.

కేంద్రానికి డైరెక్టరుగా గుణానందం గారు వచ్చారు. అంతకు ముందు ఆయన మత్స్యశాఖలో పనిచేశారు. ఇరవై ఏళ్లు చెరువుల్లోకి వంగి చూసిన మనిషికి ఒక్కసారిగా పైకి చూడమంటే మెడ నొప్పి రాదా? వచ్చింది. మొదటి నెలంతా మెడకు పట్టీ కట్టుకునే ఆఫీసుకు వచ్చారు.

కేంద్రానికి విమానం లేదు. విమానం ముక్కు మాత్రం ఉంది. పురుగుల్ని పెంచిన చల్లగదిలో రెండు కుర్చీలు వేసి, ఎదురుగా కిటికీల్లా మూడు తెరలు బిగించి, కుర్చీల మధ్య ఒక ఇనప పెట్టె పెట్టారు. పెట్టె మీద ఒక పిడి. దాన్ని ముందుకు తోస్తే ఇంజను జోరు పెరుగుతుంది, వెనక్కి లాగితే తగ్గుతుంది. థ్రాటిల్ అంటారు. తెర మీద కూడా అలాంటి పిడి బొమ్మ ఒకటుంది. ఇనప పిడిని కదిపితే బొమ్మ పిడి కదులుతుంది. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు.

పేచీ ఒక బటన్ దగ్గర వచ్చింది. పైకి ఎగిరాక ఆ బటన్ నొక్కితే, ఇంజను జోరు ఎంతుండాలో యంత్రమే చూసుకుంటుంది. దాన్ని ఆటో థ్రాటిల్ అంటారు. అప్పుడు తెర మీది పిడి దానంతటదే ముందుకీ వెనక్కీ జరుగుతుంటుంది. ఇనప పిడి మాత్రం మనం ఎక్కడ వదిలామో అక్కడే నిలబడి ఉంటుంది. అసలు విమానాల్లో పిడి కింద మోటారు ఉంటుందట, అదీ కదులుతుందట. మా పిడికి మోటారు లేదు.

ఆ ఏడు పన్నెండు మంది పిల్లలు చేరారు. వాళ్లలో మజ్జి తులసి ఒకతె. వాళ్ల నాన్న హైవే మీద లారీ టైర్లకు పంచర్లు వేస్తాడు. పిల్ల చేతిగోళ్లలో కూడా కాస్త నల్లటి రబ్బరు కనిపించేది. మధ్యాహ్నం నా టిఫిను డబ్బా మూత తీసి, ఏం కూరో చూసి, తన డబ్బా పక్కన పెట్టుకుని కూర్చునేది. మా కేంద్రంలో పరీక్ష గట్టెక్కితే హైదరాబాదు పెద్ద కేంద్రానికి పంపుతారు. మూడుసార్లు తప్పితే పేరు కొట్టేస్తారు, మళ్లీ జన్మలో దరఖాస్తు పెట్టే వీలుండదు. ఈ నియమం గోడ మీద ఎర్ర రంగుతో రాసి ఉంది. రోజూ దాని కింద ఊడ్చేదాన్ని కనుక నాకు కంఠస్థం.

మొదటి పరీక్ష శ్రావణ శుక్రవారం నాడు జరిగింది. తులసి విమానాన్ని చక్కగా లేపింది. లేచేటప్పుడు పిడిని ముందుకంటా తోయాలి, తోసింది. ఆటో బటన్ నొక్కింది. విశాఖ దాకా హాయిగా వెళ్లింది. దిగే ముందు ఆటో ఆపి పిడిని చేతిలోకి తీసుకోవాలి. ఆపింది. ఇనప పిడి పాపం పొద్దున్నుంచీ ముందుకంటానే ఉంది కదా, 'నా మాట ఇదీ' అని యంత్రానికి చెప్పింది. ఇంజను ఒక్కసారి గర్జించింది. విమానం రన్‌వే మీంచి, ఊరి మీంచి, కొండ మీంచి వెళ్లిపోయింది. తప్పింది.

కేంద్రంలో యంత్రాలు చూసే కనకారావు అని ఒకతను ఉన్నాడు. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు, చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ఉంటుంది. ఆటో ఆపే ముందే పిడిని సర్దుకోవచ్చు కదా అని నేను అడిగాను. ఆటో నడుస్తుండగా పిడిని ముట్టుకుంటే, పైలట్ తన చేతిలోకి తీసుకున్నాడనుకుని యంత్రం తప్పుకుంటుందట. ముట్టుకుంటే ఒక గొడవ, ముట్టుకోకపోతే ఇంకో గొడవ.

"ఒక్క టిక్కు మామ్మా" అన్నాడు. "సెట్టింగుల్లో ఓ గడి ఉన్నాది. అందులో టిక్కు పెడితే, ఆటో నడిచినంతసేపూ ఇనప పిడి మాట యంత్రం వినదు. పిడి ఎక్కడుందో తెర మీద పచ్చగీత చూపిస్తాది. దిగీముందు పిడిని తెర మీది బొమ్మకి సరిపెట్టుకోవాలి, అప్పుడు ఆటో ఆపాలి. కుదుపుండదు."

"మరి పెట్టీ."

"పెట్టీడానికి నేనెవర్ని మామ్మా? కాంట్రాక్టు మనిషిని."

డైరెక్టరు గారికి ఫైలు పెట్టాడు. ఫైలు ఇంకా ఆయన బల్ల మీద ఉండగానే కమిషనర్ గారు తనిఖీకి వచ్చారు. ఆ రోజు ఆయన వేసుకున్నది లేత గులాబీ చొక్కా, తిన్నది రెండు ఇడ్లీ, ఒక వడ. చల్లగదిలోకి వచ్చి, ఎగురుతున్న విమానాన్ని కాసేపు చూసి, తెర మీద కదిలే పిడిని ఒక వేలితో, కదలని ఇనప పిడిని ఇంకో వేలితో చూపించారు. ఇవి రెండూ ఒకటేనా అని అడిగారు. ఒకటేనండి అన్నారు డైరెక్టరు గారు. ఒకటే అయితే ఒకటి కదులుతూ ఒకటి కదలకుండా ఎలా ఉంటాయని అడిగారు. వెళ్లే ముందు రిజిస్టరులో రాశారు: "ప్రభుత్వ పరికరముల నడుమ ఏకాభిప్రాయ లోపము గమనించడమైనది. ముప్పై దినములలో సరిచేయవలెను."

దాంతో కమిటీ కూర్చుంది. టీలు అందించింది నేనే కనుక మొదట్నుంచీ చివరిదాకా విన్నాను. కనకారావు లేచి నిలబడి టిక్కు సంగతి చెప్పాడు. డైరెక్టరు గారు కళ్లజోడు తీసి తుడిచారు. ఆయన కళ్లజోడు తుడిచారంటే ఆ పని ఇక జరగదని మత్స్యశాఖ వాళ్లు కూడా చెబుతారు.

"సదరు పిడిని ప్రభుత్వము టెండరు ద్వారా సమకూర్చుకున్నది. సమకూర్చుకున్న పరికరము మాట వినవద్దని ఇంకొక పరికరమునకు మనమే ఆదేశించినచో, ఆ పిడి అనవసరమని మనమే అంగీకరించినట్టు కాదా? ఆడిట్ వారికి ఏమి సమాధానము చెప్పెదము?"

అందరూ తలలూపారు. పోనీ మోటారున్న పిడి కొందామా అన్నారొకరు. పాత పిడి చెడిపోయిందని ధ్రువపత్రం ఉంటే తప్ప కొత్తది కొనకూడదట. పాత పిడి చెడిపోలేదు, కదలడం లేదంతే. మరి తెర మీది పిడిని కూడా కదలకుండా ఆపేస్తే? ఆ మాట కాసేపు అందరికీ నచ్చింది కానీ, అప్పుడది ఆటో ఎలా అవుతుందని ఎవరో పాడుచేశారు.

చివరికి డైరెక్టరు గారి చూపు టీ కప్పులు ఏరుతున్న నా మీద పడింది. పిడి తనంతట తాను కదలనప్పుడు దాన్ని కదిపే ఏర్పాటు చేయడమే పద్ధతి కదా అన్నారు. తెర మీది పిడి ఎటు జరిగితే ఇనప పిడిని అటు జరపాలి. దానికి చదువు అక్కర్లేదు, శ్రద్ధ ఉంటే చాలు. సన్యాసమ్మ పురుగుల్ని పెంచిన మనిషి, శ్రద్ధ ఉంది. అందరూ మళ్లీ తలలూపారు. ఆ తలలు ఎటైనా ఊగుతాయి.

ఇలా నేను ఆటో థ్రాటిల్లో భాగమయ్యాను.

రెండు కుర్చీల మధ్య, ఇనప పెట్టె వెనక, నాకొక పీట వేశారు. చెయ్యి చాస్తే పిడి అందుతుంది. గాజులు చప్పుడు కాకుండా గుడ్డ చుట్టుకోమన్నారు. వారం తిరక్కుండా కమిషనర్ ఆఫీసు నుంచి ఇంకో కాగితం వచ్చింది. స్వయంచాలితమైన దానిలో మనిషి కనబడుట నిబంధనలకు విరుద్ధము, తగు చర్య తీసుకోవలెను అని. తీసుకున్నారు. బీరువా వెనక పడి ఉన్న చంద్రికను తెచ్చి నా చుట్టూ నిలబెట్టారు. వెదురు సందుల్లోంచి నాకు తెర కనబడుతుంది, నేను ఎవరికీ కనబడను, చెయ్యి మాత్రం బయటికి వస్తుంది. ముప్పై ఒక్క ఏళ్లు ఆ తడకలో పురుగుల్ని పెట్టినదాన్ని, ఆఖరికి నన్నూ అందులోనే పెట్టారు. మొదటి రోజు పొరపాటున తుమ్మాను. ఆటో థ్రాటిల్ తుమ్మరాదని మర్నాడు ఇంకో కాగితం.

తులసి అయితే పక్క కుర్చీలో కూర్చుని తడక సందులోంచి లోపలికి చూసి, "మామ్మా, గూడు కట్టడం ఎంతవరకొచ్చింది?" అని అడిగేది. నేను జవాబు చెప్పకూడదు. చెయ్యి చాచి ఒక మొట్టికాయ వేసేదాన్ని. దాని గురించి కాగితమేమీ రాలేదు.

పని మాత్రం నేను శ్రద్ధగా చేశాను. తెర పిడి వెంట్రుకంత జరిగితే నేనూ వెంట్రుకంత జరిపాను. రోజూ సాయంత్రం డైరెక్టరు గారు రిజిస్టరులో 'ఏకాభిప్రాయము: నూటికి తొంభై ఆరు' అని రాసేవారు. తర్వాత తొంభై ఎనిమిది అయింది. కార్తీకం వచ్చేసరికి నూటికి నూరు. కమిషనర్ ఆఫీసు నుంచి అభినందన పత్రం వచ్చింది. దాన్ని అద్దం కట్టించి ఎర్ర రంగు నియమం పక్కనే తగిలించారు.

అభినందన పత్రం వచ్చిన వారంలోనే పిల్లల విమానాలు వరసగా భీమిలి దగ్గర సముద్రంలో పడటం మొదలైంది.

రన్‌వేకి రెండు మైళ్ల ముందు, దాదాపు ఒకే చోట, ఒకదాని వెనక ఒకటి. డైరెక్టరు గారు ఆ చోటు గురించి ఆసక్తిగా అడిగారు, అక్కడ లోతెంత ఉంటుందని. పాత శాఖ మీది మమకారం అంత తేలిగ్గా పోదు. పడినవన్నీ శిక్షణార్థుల అజాగ్రత్త అని రాశారు. తులసి రెండో పరీక్ష కూడా అక్కడే మునిగింది. పిల్ల కుర్చీలోంచి లేవకుండా ఖాళీ తెర వంక చూస్తూ కూర్చుంది. నేను తడక లోపల పిడి పట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు రిజిస్టరులో ఏకాభిప్రాయం నూటికి నూరే.

కనకారావు రెండు రోజులు ఆ యంత్రం ముందు పెన్సిలు పట్టుకుని కూర్చుని సంగతి కనిపెట్టాడు. అతను చెప్పగా నాకర్థమైంది ఇది. ఆటో నడుస్తుండగా నేను పిడిని ముట్టుకుంటే, పైలట్ ముట్టుకున్నాడనుకుని యంత్రం తప్పుకుంటుంది. తప్పుకుని, నా పిడి ఎక్కడుంటే తన పిడిని అక్కడ పెడుతుంది. నేనేమో దాని పిడి ఎక్కడుంటే నాది అక్కడ పెడుతున్నాను. నేను దాన్ని చూస్తున్నాను, అది నన్ను చూస్తోంది. పెళ్లి పందిట్లో ఇద్దరు వియ్యపురాళ్లు గుమ్మం దగ్గర నిలబడి మీరు ముందంటే మీరు ముందనుకున్నట్టు, ఇద్దరం మర్యాదగా ఆగిపోయాం. దిగేటప్పుడు విమానం రెక్కల వెనక రేకులు దించుతారు. అప్పుడు ఇంజను జోరు కాస్త పెంచాలి. అది పెంచుతుందని నేను పెంచలేదు, నేను పెంచుతానని అది పెంచలేదు. మా ఇద్దరి మధ్య ఏ అభిప్రాయభేదమూ లేకుండా విమానం నీళ్లలోకి దిగింది.

కనకారావు ఈ సంగతి రెండు పేజీలు రాసి పెట్టాడు. డైరెక్టరు గారు కళ్లజోడు తుడిచారు. నూటికి నూరు వచ్చిన ఏర్పాటును మార్చమంటే నూరు కన్నా ఎక్కువ తెస్తావా అని అడిగారట.

తులసి ఆఖరి పరీక్షకు తొమ్మిది రోజులుంది. కమిషనర్ గారు స్వయంగా వచ్చి చూస్తారని తెలిసింది. ఆ మధ్యాహ్నం వెనక మెట్ల మీద నా డబ్బాలో ఆనపకాయ కూర. పిల్ల మూత తీయలేదు.

"మా నాన్న దుకాణానికి కొత్త బోర్డు రాయించీసినాడు మామ్మా. 'పైలట్ తులసి టైర్ వర్క్స్' అని. రేపు నేను ఇదీ తప్పిపోతే ఆ బోర్డుని ఏటి చేస్తాడు?"

"పైలట్ అన్న ముక్క చెరిపీమను. టైర్లు ఎక్కడికీ పోవు కదే."

నవ్వింది. నవ్వుతూ ఉండగానే మోకాళ్లలో మొహం పెట్టుకుంది. నేను వీపు మీద చెయ్యి వేశాను, పిడి మీద వేసే చెయ్యే.

"ఆ ఒక్క రోజుకీ నీ చెయ్యి తీసీ మామ్మా" అంది మోకాళ్లలోంచే.

తీయొచ్చు. తీసినా లాభం లేదని కనకారావు అప్పటికే చెప్పాడు. టిక్కు లేకుండా నేను చెయ్యి తీస్తే మొదటి పరీక్షలో జరిగిందే జరుగుతుంది. పిడి ముందుకంటా ఉండిపోతుంది, దిగేటప్పుడు ఇంజను గర్జిస్తుంది. నేను చెయ్యి వేస్తే సముద్రం, తీస్తే కొండ. ఆ పిల్లకు కావలసింది టిక్కు. టిక్కు పెట్టాలంటే నియమం కావాలి.

ఆ సాయంత్రం బీరువా కింద ఊడుస్తుంటే నాకు పోలారావు గుర్తొచ్చాడు.

ప్రభుత్వ ఆఫీసుల్లో ఒక ఆచారం ఉంది. ఎవరైనా సెలవు పెడితే, వాళ్ల పని ఎవరికి అప్పగిస్తున్నారో ముందు రాయాలి. ఇన్‌చార్జి లేనిదే సెలవు లేదు. ఆఫీసులో మనిషి లేకపోయినా ఫరవాలేదు కానీ, కుర్చీకి ఎవరో ఒకరు బాధ్యులని కాగితం ఉండాలి. తొంభై నాలుగులో, మాఘమాసంలో, వాచ్‌మన్ పోలారావు మామగారు పోయారని సెలవడిగాడు. ఇన్‌చార్జి ఇవ్వడానికి ఆఫీసులో ఇంకో మనిషి లేడు, నేను పురుటికి వెళ్లాను. అప్పటి ఆఫీసరు గారు మహా తెలివైన వారు. గేటుకు కొత్త తాళం కొనిపించి, "వాచ్‌మన్ బాధ్యతలు తాత్కాలికముగా సదరు తాళమునకు అప్పగించడమైనది" అని రాసి సెలవిచ్చారు. తాళం మూడు రోజులు నిద్రపోకుండా కాపలా కాసింది. పోలారావు తిరిగొచ్చి తాళం దగ్గర బాధ్యతలు తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే సెలవు చీటీ తీసుకుని డైరెక్టరు గారి గదిలోకి వెళ్లాను. పరీక్ష రోజుకు ఒక్కరోజు సెలవు.

ఆయన ఆదుర్దా పడ్డారు. కమిషనర్ గారు వచ్చే రోజున స్వయంచాలిత భాగం సెలవు పెట్టడమేమిటన్నారు. నా అరికాళ్లలో తిమ్మిరి, డాక్టరు ఆ రోజే రమ్మన్నాడు అన్నాను. అది నిజమే, పీట మీద కూర్చుని తిమ్మిరి పట్టింది. మరి ఇన్‌చార్జి ఎవరని అడిగారు.

"యంత్రానికే ఇచ్చీండి బాబూ" అన్నాను.

"యంత్రమునకా? పూర్వోదాహరణ ఉన్నదా?"

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. రెండో బీరువా, కింది అర, మల్బరీ మొక్కల రిజిస్టరు అడుగున, చెదలు మూల తిన్న గోధుమరంగు ఫైలు అని చెప్పాను. కనకారావు తెచ్చాడు. డైరెక్టరు గారు చదివారు. ఆయన మొహంలో అంతకు ముందెన్నడూ చూడని వెలుగొచ్చింది. ఇరవై ఏళ్లు వల వేసిన మనిషికి మొదటిసారి పెద్ద చేప పడినట్టుంది. తాళానికి ఇవ్వగలిగినప్పుడు, తాళం కన్నా ఖరీదైన యంత్రానికి ఇవ్వడంలో అభ్యంతరమేముందని ఆయనే అన్నారు. పైగా అదనపు జీతం ఇవ్వనక్కర్లేదు.

ఉత్తర్వు టైపయింది. బాధ్యతల అప్పగింత పత్రం రాశారు. పిడి ఒకటి, పీట ఒకటి, చంద్రిక ఒకటి, గాజులకు చుట్టిన గుడ్డ ఒకటి. అప్పగించినవారి చోట నేను సంతకం చేశాను. పుచ్చుకున్నవారి చోట పెన్ను ఆగిపోయింది. యంత్రం సంతకం ఎలా చేస్తుంది? డైరెక్టరు గారు కళ్లజోడు మీద చెయ్యి వేశారు.

"దానికి వేలు లేదు కానీ సార్, సెట్టింగుల్లో ఓ గడి ఉంది" అన్నాడు కనకారావు, చెవి మీద పెన్సిలు సర్దుకుంటూ. "అందులో టిక్కు పెడితే బాధ్యత పుచ్చుకున్నట్టే."

డైరెక్టరు గారు తెర దగ్గరికి వెళ్లి వంగి చూశారు. ఆ గడి పక్కన ఇంగ్లీషులో ఏముందని అడిగారు. ఆటో నడుస్తున్నంతసేపూ చేతి పిడి జోక్యం ఉండదని సార్, అన్నాడు కనకారావు.

"సరియైన నిబంధనే" అన్నారు డైరెక్టరు గారు. "సెలవులో ఉన్న ఉద్యోగి జోక్యము ఉండరాదు."

టిక్కు పడింది. మూడు నెలలు, రెండు ఫైళ్లు, ఒక కమిటీ పెట్టలేని టిక్కు. యంత్రం చప్పుడు కూడా చేయలేదు. మిగిలిన రోజుల్లో కనకారావు తులసిని కూర్చోబెట్టి, బాధ్యతలు పుచ్చుకున్న అధికారికి అలవాటు కావాలి కదా అన్న పేరు మీద, పచ్చగీత చూసి పిడిని సరిపెట్టుకోవడం నేర్పాడు.

పరీక్ష నాడు నేను డాక్టరు దగ్గరికి వెళ్లి, మాత్ర రాయించుకుని, తిన్నగా కేంద్రం వెనక్కి వచ్చాను. సెలవులో ఉన్నాను కనుక లోపలికి పోకూడదు. చల్లగదికి వెనకపక్క, మల్బరీ ఆకు లోపలికి అందించే చిన్న కిటికీ ఒకటుంది. దాని రెక్క కొంచెం తీసుకుని నిలబడ్డాను.

కమిషనర్ గారు ముదురు నీలం చొక్కాలో వచ్చారు. తులసి విమానాన్ని లేపింది, పిడిని ముందుకంటా తోసింది, ఆటో బటన్ నొక్కి చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. తెర పిడి నెమ్మదిగా వెనక్కి వచ్చింది. ఇనప పిడి ఉన్నచోటే ఉంది. ఖాళీ పీట చుట్టూ ఖాళీ చంద్రిక నిలబడి ఉంది. పావుగంట గడిచాక కమిషనర్ గారు ముందుకు వంగారు. ఒక వేలు తెర మీదికి వెళ్లింది, ఇంకో వేలు పిడి మీదికి వచ్చింది.

"ఇది కదలడం లేదేం?"

తులసి మెడ మీద చెమట నాకు కిటికీలోంచి కనబడుతోంది. ఇప్పుడు ఆయన ఆపండి అంటే పరీక్ష ఆగిపోయినట్టే, ఆగితే తప్పినట్టే. గోడ మీద ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి.

గుణానందం గారు ఉత్తర్వు కాపీని రెండు చేతులా అందించారు.

"దానిని కదుపు ఉద్యోగిని నేడు సెలవులో ఉన్నారండి. సెలవులో ఉన్నవారి విధి కదలరాదు. తెర మీద కదులుతున్నది ఇన్‌చార్జి."

కమిషనర్ గారు ఉత్తర్వు చదివారు. సీలు చూశారు. వెనక తాళం తాలూకు పాత కాగితం జతపరచి ఉంటే అదీ చదివారు. రెండు వేళ్లూ వెనక్కి తీసుకున్నారు. అన్నీ క్రమబద్ధంగానే ఉన్నాయన్నారు.

భీమిలి వచ్చింది. విమానాలు పడే చోటు నాకు బాగా తెలుసు, అక్కడ నీళ్ల రంగు కాస్త ముదురుగా వేశారు. రేకులు దిగాయి. తెర పిడి దానంతటదే ముందుకు జరిగింది, ఎవరినీ చూడకుండా, ఎవరినీ అడగకుండా. విమానం ముదురు నీళ్లు దాటింది. అప్పుడు తులసి ఒళ్లోంచి చెయ్యి తీసి, ఇనప పిడిని నెమ్మదిగా వెనక్కి లాగి, పచ్చగీతను బొమ్మకు సరిగ్గా కలిపి, ఆటో ఆపింది. ఇంజను గర్జించలేదు, నీరసపడలేదు. అసలు ఏమీ జరగలేదు. ఆ ఏమీ జరగకపోవడం కోసమే కదా ఇన్ని నెలలూ ఏడ్చింది. చక్రాలు నేలకు తగిలిన చప్పుడు కిటికీ దాకా వినబడింది.

గట్టెక్కింది. పిల్ల వెనక్కి తిరిగి ఖాళీ చంద్రిక వంక చూసింది, తర్వాత ఆకు కిటికీ వంక చూసింది. నేను రెక్క మూసేశాను. సెలవులో ఉన్నాను కదా.

కథ అక్కడితో ఆగితే మా కేంద్రం గురించి తక్కువ చేసి చెప్పినట్టు అవుతుంది. నాలుగో రోజున నాకు మెమో వచ్చింది. మీ ఇన్‌చార్జి ఒక్క రోజులో సాధించినది మీరు మూడు నెలల్లో ఎందుకు సాధించలేదో ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను అని. కనకారావును పక్కన కూర్చోబెట్టుకుని జవాబు చెప్పి రాయించాను. "నేను సెలవులో ఉన్నప్పుడు పని బాగా జరిగినది కనుక, పని బాగా జరుగుటకు నా సెలవు అవసరమని మనవి." అంతే రాయించాను. సంజాయిషీ సంతృప్తికరం అని తిరుగు కాగితం వచ్చింది. పరీక్ష ఉన్న ప్రతిరోజూ సన్యాసమ్మ విధిగా సెలవు పెట్టాలని, పెట్టకపోతే క్రమశిక్షణా చర్య అని ఉత్తర్వు. మిగిలిన పదకొండు మంది పిల్లలూ అలా గట్టెక్కారు. నేను లేకపోవడం వల్ల కేంద్రానికి చాలా మంచి పేరు వచ్చింది.

అలాగని పోస్టు తీసేయలేదు. పెట్టిన పోస్టు తీసేసే అలవాటు మాకు లేదు. ఇన్‌చార్జికి ఇన్‌చార్జిగా నన్నే వేశారు. కరెంటు పోతే యంత్రం సెలవులో ఉన్నట్టు లెక్క, అప్పుడు బాధ్యత నాది. రోజూ మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోతుంది. తెరలు నల్లబడతాయి. నేను చంద్రికలోకి వెళ్లి పీట మీద కూర్చుని పిడి మీద చెయ్యి వేస్తాను. తెర మీద పిడి ఉండదు, నా పిడి కదలదు. ఆ గంటకు ఏకాభిప్రాయం నూటికి నూరని డైరెక్టరు గారు రాసుకుంటారు.

మొన్న తులసి ఫోను చేసింది. వాళ్ల నాన్న బోర్డుకు ఇంకో పూత రంగు వేయించాడట. హైదరాబాదు పెద్ద కేంద్రంలో పిడి కింద మోటారు ఉందట. మొదటి రోజు ఆటో బటన్ నొక్కగానే ఇనప పిడి దానంతటదే చేతి కింద కదిలిందట. అక్కడి పెద్ద మాస్టారు పక్కనే ఉన్నారట.

"మరి నువ్వేటి చేసినావే?" అన్నాను.

"వంగి పెట్టె వెనక్కి చూసినాను మామ్మా" అంది. "కాళ్లు తిమ్మిరెక్కినాయేటి అని అడిగీసినాను కూడా."